కుంపారె కట్టిన గోడ

శుభవార్త వచ్చినప్పుడు నేను మంచం మీద నిలబడి బియ్యం కడుగుతున్నాను.

మంచం మీద ఎందుకంటే, కింద పిక్కల దాకా నీళ్లున్నాయి. వాన లేదు. పైపెచ్చు ఎండ కాస్తోంది. మా ఊరు శాంటా క్లరిటాకు వానతో పని లేదు. సముద్రం పోటెక్కితే చాలు, ఏరు వెనక్కి తన్నుకొచ్చి చెప్పాపెట్టకుండా ఇళ్లలో దూరుతుంది. కొత్తగా కాపురానికి వచ్చానేమో, నాకు అప్పట్లో అది కూడా ముచ్చటగానే ఉండేది. వేలెడంత చేపపిల్ల ఒకటి స్టూలు కాళ్ల మధ్య చక్కర్లు కొడుతోంది. దానికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

"పెర్లీ, పెర్లీ! ఇది విను!" అంటూ మా ఆయన దులో ఫోను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, గుమ్మంలో సగానికి వంగి లోపలికి వచ్చాడు. నీళ్లకు భయపడి ఏటేటా రాళ్లూ మట్టీ పోసి నేల ఎత్తు చేసుకుంటూ పోవడంతో మా గుమ్మం పొట్టిదైపోయింది. నా మొగుడు తన ఇంట్లోకి తనే దణ్ణం పెడుతున్నట్టు వస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

"మేయరు గారి పేజీలో ఇప్పుడే పెట్టారు. 'శాంటా క్లరిటా ఏటిగట్టు వీధి వరద గోడ నిర్మాణం నూటికి నూరు శాతం పూర్తి. ఇక ఏటిగట్టు కుటుంబాలు గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.'"

"ఏటిగట్టు వీధంటే మనదేగా?"

"మనదే."

"మరి గోడంటే?"

"గోడే."

ఇద్దరం కిందికి చూశాం. చేపపిల్ల దులో కాలి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బీరువా కిందికి వెళ్లిపోయింది.

ఫొటో కూడా పెట్టారు. మేయర్ డెన్సియో బూడిదరంగు గోడ మీద, పెరట్లో పెంచుకున్న దున్నపోతు వీపు మీద వేసినట్టు, ప్రేమగా చెయ్యి వేసి నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మా పెళ్లి ఫొటోలో నాకూ దులోకూ మధ్య నిలబడి నవ్విన నవ్వే అది. పెళ్లికి గంట ఆలస్యంగా వచ్చినా ఫొటోకు మాత్రం అందరికంటే ముందు నిలబడ్డారు. ఆయన మా నినోంగ్ మరి, మా పెళ్లికి సాక్షిగా నిలిచిన పెద్ద. ఆయన ఇచ్చిన కానుక ఫ్యాను. దాని జాలీ నడిమధ్యన ఆయన బొమ్మ అతికించి ఉంది. రెక్కలు ఎంత తిరిగినా ఆ మొహం మాత్రం కదలదు. పడుకునే ముందు దులో ఫ్యాను మీద తువ్వాలు కప్పేవాడు, "పెద్దాయన చూస్తున్నారే" అంటూ. గాలి రాకపోయినా ఫరవాలేదనిపించేది.

మా అత్తగారు సెర్యాంగ్, మా ఇద్దరికీ నానాయ్, అంటే అమ్మ, అరుగు మీద కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. ఫోను ఆమె ముందు పెట్టాం. ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఫొటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"కుంపారె కట్టానన్నారంటే కట్టే ఉంటారు. మనకి కనపడలేదంటే మన చూపులోనే ఏదో లోపం. మడచెట్ల అవతల ఉందేమో వెళ్లి చూడండి."

"నానాయ్, గోడ అవతలుంటే నీళ్లు ఇవతల ఎందుకున్నాయి?"

"నువ్వు కాలేజీ చదివావు కదా, నువ్వే చెప్పు," అని ఆమె మళ్లీ చేపల్లో పడింది.

పెళ్లికి పెద్దగా నిలబడినవాడు మాకు నినోంగ్ అయితే, మా ఇంటి పెద్దవాళ్లకు కుంపారె. అంటే తోడబుట్టినవాడితో సమానం; ఆయనకు మా అత్తగారు కుమారె. మామగారు పోయినప్పుడు శవపేటిక పంపినది ఆయనే. జాగారానికి వచ్చినవాళ్లకు కాఫీ, బిస్కెట్లు పంపినదీ ఆయనే. అందుకే దులో పెళ్లి కుదరగానే మా అత్తగారు మున్సిపాలిటీ మెట్లెక్కి ఆయన్ను పిలిచింది. కుంపారె అని ఒకసారి పిలిచాక ఆ పిలుపును వెనక్కి తీసుకున్నవాళ్లను మా ఊళ్లో నేను చూడలేదు.

*

సరే, గోడను వెతకడానికి బయల్దేరాం. మాంగ్ ఓమెంగ్ పడవ మాట్లాడుకున్నాం. ఆయన పోటు వేళ జనాన్ని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు దాటించే ముసలాయన. నోట్లో పళ్లు తక్కువ, మాటలు ఎక్కువ.

"గోడ కోసమా?" అని తెడ్డు ఆపేసి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "తప్పిపోయిన పందిని వెతికాను. తాగి పడిపోయిన బావమరిదిని వెతికాను. గోడని వెతకడం ఇదే మొదలు. ఎటు పోయి ఉంటుందంటారు?"

"మడచెట్ల అవతల ఉందంటోంది అమ్మ," అన్నాడు దులో.

"పిలిస్తే పలుకుతుందేమో, పిలవండి."

దులో నిజంగానే చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "గోడా! ఓ గోడా!" అని అరిచాడు. గట్టు మీద ఇళ్లవాళ్లు కిటికీల్లోంచి తొంగి చూశారు. "మా వైపు రాలేదయ్యా!" అని ఎవరో ఆడమనిషి బదులిచ్చింది. "దొరికితే మా ఇంటికీ ఓ ముక్క పంపండి!" అంది ఇంకో ఆవిడ. పడవ ఊగేంత నవ్వాను. దులో నడుం పట్టుకుని, ఎండలో, పచ్చటి మడచెట్ల మధ్యన, లేని గోడను వెతుక్కుంటూ! అంతకంటే మంచి హనీమూన్ ఎవరు చేసుకుని ఉంటారు?

మడచెట్ల అవతల బురదలో నాలుగు ఇనుప ఊచలు నిలబెట్టి ఉన్నాయి. ఊచలకు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీలో సగం మేయరు గారి మొహం. మిగతా సగంలో 'పూర్తయింది' అన్న మాట. ఫొటోలో కనిపించిన గోడ, అది ఏ ఊరిదో ఏమో, ఆ ఛాయల్లోనే లేదు.

మాంగ్ ఓమెంగ్ టోపీ తీసి పట్టుకున్నాడు. "ఇదిగో గోడ. జాగ్రత్త, తల తగులుతుంది."

ఇంటికొచ్చి చెబితే నానాయ్ మొహం వెలిగింది. "చూశారా! ఇనుము దిగింది. ఇక సిమెంటు రావడమే తరువాయి. అనవసరంగా మనిషిని అనుమానిస్తారు."

"నానాయ్, అందులో 'పూర్తయింది' అని రాసుంది!"

"ముందే రాయించి పెట్టుకున్నారేమో. నీ పెళ్లి కార్డులు పెళ్లి కాకముందే అచ్చు వేయించలేదూ?"

నాలుగేళ్లు కాలేజీలో పరిపాలనా శాస్త్రం చదువుకున్నాను. ప్రజాధనం, జవాబుదారీతనం అని పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెళ్లికార్డుల గురించి మాత్రం మాకు ఎవరూ పాఠం చెప్పలేదు.

*

"అడిగేద్దాం. సొంత నినోంగే కదా," అన్నాను దులోతో.

దులో తల గోక్కున్నాడు. అతను పనిచేసేది మున్సిపాలిటీలోనే, జనన మరణాలు నమోదు చేసే గదిలో. కాంట్రాక్టు ఉద్యోగం. ఆరేసి నెలలకు ఒకసారి మేయరు సంతకం పెడితేనే నిలుస్తుంది.

"అడగొచ్చులే. కాకపోతే గోడ అని డైరెక్టుగా అనొద్దు. 'ఏటిగట్టు సంగతి ఎలా ఉంది నినోంగ్' అని మెల్లగా మొదలెడదాం."

నానాయ్ ఆవిరి మీద కొబ్బరి రొట్టెలు చేసి అరటాకులో కట్టి ఇచ్చింది. మేయరు గారి గది ముందు జనం ఉన్నారు. ఒకరి చేతిలో మందుల చీటీ, ఇంకొకరి చేతిలో కరెంటు బిల్లు, మరొకరి చంకలో తెల్ల కోడిపుంజు. మమ్మల్ని చూడగానే ఆయన కుర్చీలోంచి లేచి చేతులు చాపారు. ఇద్దరం ఆయన చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాం.

"నా కొత్త జంట! ఏం పెర్లీ, చిక్కావేంటి? మా వాడు తిండి పెట్టడం లేదా?"

"పెడుతున్నాడు నినోంగ్. ఏటిగట్టు సంగతే..."

"ఏటిగట్టు గాలి ఆరోగ్యానికి మంచిది. మనవడు ఎప్పుడు?"

"ఇంకా... నినోంగ్, ఆ గోడ..."

"మగపిల్లాడైతే నా పేరే పెట్టాలి, ముందే చెబుతున్నా. ఆడపిల్లైతే మా ఆవిడ పేరు. ఏరా దులో, సిగ్గుపడతావేం? ఆఫీసులో ఊళ్లోవాళ్ల పిల్లల పేర్లన్నీ రాసేది నువ్వే కదా, నీ పిల్లాడి పేరు రాసుకోవడానికి సిగ్గా?"

గదిలో వాళ్లంతా నవ్వారు. కోడిపుంజాయన కూడా. నేను 'గోడ' అన్నప్పుడల్లా ఆయన 'మనవడు' అన్నారు. ఏటి వైపు నుంచి వెళ్లాను, మార్కెట్టు వైపు నుంచి వెళ్లాను, ఎటు తిరిగినా దారి మా పడకగదిలోనే తేలుతోంది. చివరికి ఆయనే గంట కొట్టి ఎవర్నో పిలిచి, "మా పిల్లలు నీళ్లలో నడుస్తున్నారయ్యా పాపం, చూస్తూ ఎలా ఊరుకుంటాం?" అని చెప్పి ఒక జత రబ్బరు బూట్లు తెప్పించారు. మోకాటి వరకూ వచ్చే పచ్చ బూట్లు. పక్కన ఆయన పేరు, కాలివేళ్ల దగ్గర ఆయన మొహం. ఇద్దరికీ కలిపి ఒకటే జత.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాం.

"గోడ అడిగితే బూట్లు ఇచ్చాడు," అన్నాను.

"కొలత నాకు సరిపోతోంది మాత్రం," అన్నాడు దులో, కాలు లోపల పెట్టి చూసుకుంటూ.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా వీధికి తిరిగి వచ్చేసరికి పోటు మొదలైంది. దులో బూట్లు వేసుకుని నన్ను వీపు మీద ఎక్కించుకున్నాడు. మా మేయరు గారి మొహం రెండు కాళ్ల దగ్గరా బురదలో మునిగి తేలుతుంటే, అతని మెడ వాసన చూస్తూ ఇంటి దాకా వచ్చాను. కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం మాత్రం ఆ వానాకాలమంతా నాతోనే ఉంది.

*

జూలైలో అసలు వానలు పడ్డాయి. పోటూ వానా కలిసి వచ్చిన రోజుల్లో చేపపిల్లలు పోయి బొద్దింకలు వచ్చాయి, బొద్దింకలు పోయి పక్కింటివాళ్ల కుక్క ఈదుకుంటూ వచ్చింది. పెళ్లికి వచ్చిన రైస్ కుక్కర్ బీరువా నెత్తి మీదికి ఎక్కింది. కుర్చీలో నిలబడి దాని మూత తీసి, ఆవిరి మొహానికి తగిలించుకుని, ఆహా ఇల్లంటే ఇదీ అనుకునేదాన్ని. మరుక్షణం కాలి కింద కుర్చీ తేలేది.

పెళ్లి ఫొటోను మాత్రం నానాయే చూసుకునేది. నీళ్లు గోడ మీద చెమ్మగా పైకి పాకినప్పుడల్లా ఫొటో దించి, సుత్తి తీసుకుని, కాస్త పైన ఇంకో మేకు కొట్టి తగిలించేది.

"మీ ఇద్దరి కోసం కాదు. కుంపారెకి తడి తగలకూడదు," అనేది నన్ను ఉడికించడానికి.

"ఆయనకేం నానాయ్, ఆయనకు గోడ ఉంది."

"నీ నాలుక ఉందే!"

అయినా ఆమె మాటలో మునుపటి బిగువు తగ్గుతూ వచ్చింది. ఒకనాడు పోటులో ఎండుచేపల బుట్టలన్నీ కొట్టుకుపోయాయి. ఆమె నీళ్లలో నిలబడి, బుట్టలు పోయిన దిక్కే చూస్తూ, "సిమెంటుకి ఇంతకాలం పడుతుందా, ఓమెంగ్?" అని అడిగింది. మాంగ్ ఓమెంగ్ నవ్వకపోవడం అదొక్కసారే చూశాను. "పడుతుంది సెర్యాంగ్," అన్నాడు మెల్లగా, "లేని గోడకి చాలా సిమెంటు పడుతుంది."

*

సెప్టెంబరులో మనీలా నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని తెలిసింది. కాగితాల మీద కట్టిన గోడల గురించి దేశమంతా గగ్గోలు పుట్టింది. ఒక్కో ఊరికీ వెళ్లి చూస్తున్నారట. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మేయరు గారు మా అత్తగారికి స్వయంగా ఫోను చేశారు.

"కుమారె! మనీలావాళ్లకి మీ చేతి కాఫీ తాగించాలి. మీ ఇంటికే తీసుకొస్తున్నా. గోడ వచ్చాక ఇల్లు పొడిగా ఉంటోందని మీ నోటితో ఒక్క మాట చెప్పండి చాలు. బయటివాడి మాట కంటే ఇంటి మనిషి మాటకే విలువెక్కువ."

నానాయ్ "సరే" అంది. ఫోను పెట్టేసి, నా వైపు చూడకుండా, కాఫీకి నీళ్లు పెట్టింది.

"నానాయ్, అబద్ధం చెబుతారా?"

"నీ మొగుడి సంతకం ఈ నెలాఖరుకే కదా?" అంది ఆమె. దులో తలుపు దగ్గర నిలబడి చెప్పులు చూసుకుంటున్నాడు. వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాను.

వాళ్లు ఆటు వేళకు వచ్చారు. నీళ్లు లేని వేళ చూసి రప్పించారు మరి. నేల ఆరింది, వీధి ఊడ్చినట్టుంది. తనిఖీకి వచ్చిన ఆవిడ నడివయసు మనిషి. పొట్టి జుట్టు, చేతిలో టోపీ, కళ్ల కింద అలసట. ఎన్ని ఊళ్లలో ఎన్ని కాఫీలు తాగి వచ్చిందో!

"గోడ మడచెట్ల అవతలే మేడమ్," అన్నారు మేయరు గారు కుర్చీ లాగుతూ. "ఇప్పుడక్కడ బురద. మీ బూట్లు పాడైపోతాయి. ఫొటోలు ఎలాగూ ఫైల్లో ఉన్నాయి. ముందు మా కుమారె మాట వినండి. ఏం కుమారె, గోడ వచ్చాక ఇంట్లోకి చుక్క నీరు వచ్చిందా?"

నానాయ్ కప్పులు సర్దుతోంది. సర్దిన కప్పుల్నే మళ్లీ సర్దింది.

తనిఖీ ఆవిడ చూపు గోడ మీద తిరుగుతూ పైకి పోయింది. తల ఇంకా వెనక్కి వాల్చింది.

"పెళ్లి ఫొటోనా? అంత పైన పెట్టారేంటండీ? చూడాలంటే మెడ పట్టేస్తుంది."

"మొదట్లో ఇక్కడుండేదమ్మా," అంది నానాయ్, తన ఛాతీ ఎత్తున ఉన్న మేకు రంధ్రం మీద వేలు పెట్టి. "పెళ్లయిన కొత్తలో. తర్వాత ఇక్కడ. జూలైలో ఇక్కడ. ఇది ఆగస్టు మేకు." వేలు ఒక్కో రంధ్రం మీదుగా ఎక్కుతూ పోయింది. మడమలు ఎత్తి చివరిది చూపించింది. "ఇది మొన్నటిది. ఇంకా పైకి జరుపుదామంటే గోడ లేదు."

మేయరు గారు పకపకా నవ్వారు. "మా కుమారె ఎప్పుడూ ఇంతే మేడమ్, మంచి హాస్యం!"

ఆవిడ నవ్వలేదు. కిందినుంచి పైదాకా ఆ రంధ్రాల వరసను ఇంకోసారి చూసింది. "గోడ లేదా?" అంది.

నానాయ్ కెటిల్ అందుకుంది. ఆవిడ కప్పు నింపింది, మేయరు గారి కప్పూ నింపింది. పంచదార డబ్బా మూత తీసింది.

"మీకెన్ని చెంచాలు వెయ్యమంటారు, మేయరు గారూ?"

ఇంతే అంది, కుంపారె అనకుండా. గొంతు పెంచలేదు, మొహం మార్చలేదు. దులో నా చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కాడు. మేయరు గారి నవ్వు మాత్రం అలాగే ఉంది, ఫ్యాను మీద బొమ్మలాగా. అయితే చెయ్యి కప్పు దాకా వెళ్లి ఆగిపోయింది.

"పంచదార వద్దు," అన్నారు చివరికి.

తాగకుండానే లేచారు. గుమ్మం దగ్గర దులో భుజం తట్టి, "సోమవారం ఓసారి నా గదికి రారా. నీ కాంట్రాక్టు సంగతి చూద్దాం," అన్నారు, అంతే ప్రేమగా. తనిఖీ ఆవిడ మాత్రం కప్పు ఖాళీ చేసే కదిలింది. ఇవాళ మార్కెట్టు పక్క లాడ్జిలో ఉంటున్నామనీ, రేపు ఏటిగట్టు చూస్తే గానీ మనీలాకు తిరిగి వెళ్లమనీ చెప్పింది.

"తప్పకుండా మేడమ్," అన్నారు మేయరు గారు కారెక్కుతూ. "రేపు కూడా ఇదే వేళకి. నీళ్లు తీసి ఉంటాయి, హాయిగా నడవొచ్చు."

కారు వెళ్లిపోయింది. మేము ముగ్గురం గుమ్మంలోనే ఉండిపోయాం.

"ఉద్యోగం పోయినట్టే," అన్నాడు దులో.

"అందరి పుట్టుకలూ చావులూ రాశావు కదా," అన్నాను. "నీ ఉద్యోగం చావు కూడా నువ్వే రాసుకుని వచ్చెయ్." ఎందుకన్నానో తెలియదు. కానీ అతను నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ నవ్వులో నా కళ్లు తడిశాయి.

నానాయ్ మా మాటలు వినడం లేదు. తాగకుండా వదిలేసిన కాఫీని వీధిలోకి పారబోసింది. ఎదురింటి అరుగు మీద తెడ్డుకు తాడు చుట్టుకుంటున్న మాంగ్ ఓమెంగ్‌ను కేకేసింది.

"ఓమెంగ్! రేపు పోటు ఎప్పుడు?"

"పొద్దున్నే. జనం రొట్టెలు కొనుక్కునే వేళకి."

"పడవ కడిగి పెట్టు. ఆ మనీలా అమ్మని లాడ్జి నుంచి నేనే పిలుచుకొస్తా. పెర్లీ, ఆ పచ్చ బూట్లు తుడిచి ఉంచు, ఆవిడకి ఇద్దాం." దులో వైపు తిరిగింది. "నువ్వెళ్లి మేయరు గారికి చెప్పిరా. పడవలో ఆయనకీ చోటుందని చెప్పు."

"పడవ ఎక్కడిదాకా పోవాలి సెర్యాంగ్?" అన్నాడు మాంగ్ ఓమెంగ్.

"మన గుమ్మం ముందు బయల్దేరి తిన్నగా మడచెట్ల అవతలికి పోనీ," అంది నానాయ్, కప్పు బోర్లిస్తూ. "గోడకి తగిలినప్పుడు ఆపు. తగిలేదాకా మాత్రం ఆపకు."